పెట్టె మన ఇంట్లో, తాళం వాళ్ల చేతిలో

సంపాదకులకు నమస్కారములు.

టీవీలో వచ్చే కార్యక్రమాలను దాచుకొని తీరిక వేళ చూసుకునేందుకు వీలు కల్పించే డిజిటల్ వీడియో రికార్డర్ల (డీవీఆర్‌ల) వ్యాపారంలోకి పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు దిగడం గురించి మీ పత్రిక వాణిజ్య పుటలో వచ్చే వార్తలను నేను వదలకుండా చదువుతాను. ఆ వార్తలలో పెట్టె ధర ఉంటుంది, అందులో ఎన్ని గంటల కార్యక్రమాలు పడతాయో ఉంటుంది, రిమోట్‌తో మాట్లాడితే పాట వెతికి పెడుతుందన్న సంగతి కూడా ఉంటుంది. కొన్నవాడు నెలనెలా కట్టే రుసుము మానేసిన రోజున గానీ, అమ్మిన సంస్థే ఆ వ్యాపారం చాలించుకున్న రోజున గానీ, అంతవరకూ దాచుకున్న కార్యక్రమాల గతి ఏమిటన్నది మాత్రం ఎక్కడా కనబడదు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర 30 ఏళ్లకు పైగా టీవీలు బాగుచేసి బతుకుతున్నవాడిని గనుక ఆ సంగతి నా కౌంటరు ముందుకు తరచుగా వస్తూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట. మా ఊళ్లో డీవీఆర్ అంటే సీసీ కెమెరాల పెట్టె అనుకుంటారు. కొట్లో దొంగతనం జరిగితే పోలీసులు వచ్చి అడిగేది ఆ పెట్టెనే. నేను రాస్తున్నది దాని గురించి కాదు. డిష్షు నుంచో కేబుల్ నుంచో వచ్చే బొమ్మను తనలోని హార్డ్ డిస్కు మీద రాసుకొని, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపించే సెట్‌టాప్ బాక్సు గురించి. రెండింటిలోనూ ఉండేది అదే హార్డ్ డిస్కే అయినా, సీసీ కెమెరా పెట్టెలో పడిన దృశ్యాన్ని పెన్‌డ్రైవ్ మీదికి తీసుకుపోవచ్చు. మన పండగ కార్యక్రమాన్ని మాత్రం అలా బయటికి తీయలేము. దొంగ బొమ్మకు ఉన్న స్వేచ్ఛ దేవుడి బొమ్మకు లేదని నా దుకాణంలో నవ్వుకుంటూ ఉంటాం.

నేను పని నేర్చుకున్న రోజులలో రికార్డింగ్ అంటే క్యాసెట్ టేపు మీద బొమ్మను రాసే వీసీఆర్. హెడ్డు మీద మురికి పేరుకుంటే బొమ్మ నిండా మంచు కురిసినట్టు చుక్కలు వచ్చేవి. స్పిరిట్‌లో ముంచిన మెత్తని తోలుముక్కను డ్రమ్ముకు ఆనించి నెమ్మదిగా తిప్పితే మళ్లీ బొమ్మ తేలేది. బెల్టు సాగితే మార్చేవాళ్లం, రబ్బరు చక్రం అరిగితే మార్చేవాళ్లం. వానకాలంలో క్యాసెట్‌కు తెల్లగా బూజు పట్టేది. స్క్రూలు విప్పి, టేపును చేత్తో చుడుతూ తుడిచి, ఇంకో డొక్కులోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. పార్వతీపురం నుంచి ఒకాయన 1990ల నాటి తన పెళ్లి క్యాసెట్‌ను ఆరేళ్ల కిందట తెచ్చి ఇస్తే, రెండు రోజులు కూర్చొని శుభ్రం చేశాను. తలంబ్రాల దగ్గర కొంత చెరిగిపోయింది గానీ మిగతాదంతా ఆడింది. అది రికార్డు చేసిన మెషీను ఎప్పుడో తుక్కులోకి పోయింది. తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌ను మరిచిపోయి కూడా చాలా కాలమై ఉంటుంది. అయినా ఆడింది. ఎందుకంటే వీహెచ్‌ఎస్ అన్నది 1976లో జపాన్‌కు చెందిన జేవీసీ తెచ్చిన ఒక క్యాసెట్ కొలత. ఆ కొలతకు లోబడి ఎన్నో కంపెనీలు మెషీన్లు చేశాయి. ఒకరి మెషీనులో రాసింది ఇంకొకరి మెషీనులో ఆడాలన్నది ఆ వ్యాపారానికి పునాది.

ఇప్పుడు రెండో సంఘటన చెబుతాను. గజపతినగరం వైపు పల్లెలో ఒక పెద్దాయన తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం ఆడే బృందానికి గురువుగా ఉండేవాడు. ఆయన బృందం ఆట ఒకసారి ఒక చానల్‌లో అరగంట వచ్చింది. కొడుకు అప్పటికే రికార్డింగ్ ఉన్న డీటీహెచ్ పెట్టె కొని ఉన్నాడు గనుక దానిలో దాచుకున్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాళ్ల డిష్షు ఎగిరిపోయింది. కరెంటు వచ్చిన తరువాత కూడా చేతిలో డబ్బులు ఆడక రీఛార్జి చేయించలేదు. తరువాత ఊళ్లోకి కేబుల్ వచ్చేసరికి అదే పెట్టించుకున్నారు. పాత పెట్టె అటకెక్కింది. కొన్నాళ్లకు పెద్దాయన పోయాడు. సంవత్సరీకం దగ్గరపడుతుండగా కొడుకు ఆ పెట్టెను తువ్వాలులో చుట్టుకొని నా దగ్గరికి తెచ్చాడు.

పెట్టె ఆన్ అయింది. జాబితాలో ఆ కార్యక్రమం పేరు, తేదీ, 28 నిమిషాల నిడివి అన్నీ కనబడుతున్నాయి. దాని మీద ఓకే నొక్కితే, చందా లేదని, వినియోగదారుల సేవా కేంద్రానికి ఫోను చేయమని తెర మీద అక్షరాలు వచ్చాయి. ఫోను చేశాం. ఆ ఖాతా మూసేసి చాలా కాలమైందని, ఆ మోడల్ కూడా ఆపేశామని, కావాలంటే కొత్త పెట్టె రాయితీ మీద ఇస్తామని అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. పాత పెట్టెలోని కార్యక్రమాలను కొత్త దానిలోకి ఎక్కించడం కుదరదని కూడా అంతే మర్యాదగా చెప్పింది. సరేనని పెట్టె విప్పి హార్డ్ డిస్కు తీశాను. చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దంలో తేడా లేదు, బాగానే తిరుగుతోంది. కంప్యూటరుకు తగిలించాను. ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగింది. అంటే, తనకు అందులో ఏమీ కనబడటం లేదన్నమాట. ఆ కుర్రాడు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏటి బాబూ, డిస్కు బాగానే ఉందంటారు, అయ్య బొమ్మ రాదంటారేటి?" అన్నాడు. 30 ఏళ్ల అనుభవం ఉండి కూడా ఆ ప్రశ్నకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

చెప్పగలిగింది ఇదీ. ఈ రకం పెట్టె, వీసీఆర్ లాగా బొమ్మను తయారుచేసి టేపు మీద రాయదు. ఉపగ్రహం నుంచి వచ్చే అంకెల ప్రవాహాన్ని ఉన్నదున్నట్టుగా డిస్కు మీదికి దించుతుంది. నాణ్యత ఏమాత్రం తగ్గకపోవడానికి కారణం అదే. అయితే దానిని దించేటప్పుడు ఆ పెట్టెకు మాత్రమే తెలిసిన ఒక సంకేతంతో కలగాపులగం చేసి రాస్తుంది. ఆ సంకేతం పెట్టెలోని చిప్‌కు, మనం పెట్టే కార్డుకు ముడిపడి ఉంటుంది. ఆ కార్డును బతికి ఉంచాలా వద్దా అన్నది ఆకాశంలోంచి కంపెనీ పంపే ఆజ్ఞ మీద ఆధారపడి ఉంటుంది. డిస్కు మనం డబ్బు పెట్టి కొన్నది, కరెంటు మనది, దాచుకోవాలన్న కోరిక మనది. చూడనివ్వాలా వద్దా అని తేల్చేది మాత్రం వేరొకరు.

ఇంతవరకూ ఇది డీటీహెచ్ కంపెనీల సంగతి. సాఫ్ట్‌వేర్ సంస్థ వస్తే ఇందులో మారేదేమిటని ఎవరైనా అడగవచ్చు. మారేది చాలానే ఉంది. దానికి అమెరికాలో జరిగిన కథ తెలుసుకోవాలి.

అక్కడ టీవో, రీప్లే టీవీ అనే చిన్న కంపెనీలు 1999లో ఈ పెట్టెలను మొదటగా బజారులోకి తెచ్చాయి. వాటి జోరు చూసి మైక్రోసాఫ్ట్ దిగింది. అంతకు ముందే, 1997లో, టీవీని ఇంటర్నెట్‌కు తగిలించే వెబ్ టీవీ అనే కంపెనీని సుమారు 42 కోట్ల 50 లక్షల డాలర్లకు కొని ఉంచుకుంది. ఆ బలగంతోనే 2001లో అల్టిమేట్ టీవీ అనే పెట్టెను, డైరెక్ టీవీ అనే ఉపగ్రహ ప్రసార సంస్థతో కలిసి అమ్మకానికి పెట్టింది. పెట్టె మంచిదేనని ఒప్పుకోవాలి. చానళ్లను పట్టే రెండు ట్యూనర్లతో ఒకేసారి రెండు చానళ్లను రికార్డు చేసేది, 35 గంటల కార్యక్రమాలు పట్టేవి. పోటీకి వచ్చింది మామూలు కంపెనీ కాదని, టీవో పని ఇక అయిపోయినట్టేనని అనుకున్నవారు ఉన్నారు. జరిగింది వేరు. 2002 ఆరంభానికల్లా మైక్రోసాఫ్ట్ ఆ పెట్టె మీద పనిచేసే బృందాన్ని వేరే పనులకు మళ్లించింది. అదే ఏడాది చివరిలో రికార్డింగ్‌ను ఏకంగా కంప్యూటరులోకే తెస్తూ విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ విడుదల చేసింది. దానిని నమ్ముకొని ఎందరో తమ కంప్యూటర్లకు ట్యూనర్ కార్డులు పెట్టించుకున్నారు. 2012లో విండోస్ 8 వచ్చేసరికి ఆ మీడియా సెంటర్‌ను విడిగా తీసుకోవాల్సిన సరుకుగా మార్చారు. 2015లో విండోస్ 10తో పూర్తిగా తీసేశారు. ఇళ్లలో టీవీ సేవలు నడిపే కంపెనీల కోసం చేసిన మీడియారూమ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను 2013లో స్వీడన్ కంపెనీ ఎరిక్‌సన్‌కు అమ్మేశారు. ఒకే సంస్థ, ఒకే గదిలోకి మూడు తలుపుల నుంచి వచ్చి మూడింటి నుంచీ బయటికి నడిచింది.

దీనిని నేను ఎగతాళిగా చెప్పడం లేదు. ఒక వ్యాపారం గిట్టుబాటు కాకపోతే వదిలేయడం ఎవరైనా చేసే పనే. నా బాధ వేరే చోట ఉంది. టీవీ తయారుచేసే కంపెనీకి టీవీయే తిండి పెడుతుంది. సాఫ్ట్‌వేర్ దిగ్గజానికి ఈ పెట్టె వంద పనులలో ఒకటి. అది పోయినా ఆ సంస్థ పొయ్యి ఆరదు. అందువల్ల నష్టానికైనా చౌకగా అమ్మగలదు, చిన్నవాళ్లను బజారులోంచి తప్పించగలదు, రేపు మనసు మారితే అంత తేలికగానూ లేచిపోగలదు. పైగా అది అమ్మే పెట్టెకు ప్రాణం పెట్టెలో ఉండదు. కార్యక్రమాల పట్టిక దూరాన ఉన్న వారి కంప్యూటర్ల నుంచి రావాలి, సాఫ్ట్‌వేర్ మరమ్మతు అక్కడి నుంచే రావాలి, అనుమతి అక్కడి నుంచే రావాలి. ఆ తీగ తెగితే మా దగ్గరికి వచ్చే పెట్టెలో కెపాసిటర్లు బాగానే ఉంటాయి, ఎడాప్టరు వోల్టేజీ సరిగానే ఇస్తుంది, అయినా అది పనికిరాదు. ఉబ్బిన కెపాసిటర్‌ను మార్చగలను. మూతపడిన సేవను మార్చలేను.

ఇంకో అడుగు ముందుకు వెళితే పెట్టే ఉండదు. రికార్డింగ్ అంతా క్లౌడ్‌లో, అంటే వారి దగ్గరే ఉంటుంది. గూగుల్ అమెరికాలో 2017 నుంచి నడుపుతున్న యూట్యూబ్ టీవీలో దాచుకున్న కార్యక్రమాలు 9 నెలలే ఉంటాయి, ఆ తరువాత వాటంతట అవే పోతాయి. దాచుకోవడం అన్న తెలుగు మాటకు 9 నెలల గడువు ఉంటుందని మా అమ్మకు చెబితే నమ్మేది కాదు. ఆవకాయ జాడీకి కూడా అంతకంటే ఎక్కువ భరోసా ఉంది.

మనం ఏమి చూస్తున్నామో ఆ పెట్టె చూస్తుందన్న సంగతి కూడా మరువరాదు. 2004లో అమెరికాలో ఫుట్‌బాల్ ఫైనల్ పోటీ జరిగిన మరునాడు, వీక్షకులు ఏ క్షణాన్ని అన్నిటికన్నా ఎక్కువగా వెనక్కి తిప్పి చూశారో టీవో బయటికి చెప్పింది. వ్యక్తుల పేర్లు లేవు, లెక్క మాత్రమే. అయినా తమ గదిలో తాము నొక్కిన మీట ఎక్కడో నమోదవుతోందని జనానికి అప్పుడు తెలిసివచ్చింది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, సమ్మతి అడగకుండా ఆ పని చేయకూడదని అది చెబుతుంది. ఆ సమ్మతిని ఇంగ్లీషులో 20 తెరల కింద దాచి, చివర ఒక్క ఓకే మీట పెడితే, నా కౌంటరు దగ్గర నిలబడే తాతగారు చదివి నొక్కుతారా? పెట్టె బిగించడానికి వెళ్లిన కుర్రాడే ఆయన తరఫున నొక్కేసి వస్తాడు. నేనూ నొక్కి వచ్చాను, దాచుకోవడం దేనికి.

ఈ తాళాన్ని సమర్థించేవారు దొంగ కాపీల భయం చెబుతారు. అది ఉత్త మాట కాదు, సినిమా తీసినవాడి కష్టం నాకు తెలుసు. అయితే ఈ వాదన కొత్తది కాదు. వీసీఆర్ వచ్చినప్పుడు హాలీవుడ్ స్టూడియోలు సోనీ మీద దావా వేశాయి. ఇంట్లో కూర్చొని తరువాత చూసుకోవడానికి కార్యక్రమాన్ని రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో 5–4 తేడాతో తేల్చింది. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కూడా సొంత వినియోగానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని తప్పు పట్టదు. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలను పగలగొట్టినవారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. ఉద్దేశం అన్న ఆ మాటను గమనించండి. తండ్రి ఆట చూసుకోవాలనుకున్న కొడుకుకు అలాంటి ఉద్దేశం లేదు, చట్టం అతని వైపే ఉంది. అయినా తాళం తీసే దారి అతనికి గానీ నాకు గానీ లేదు. చట్టం కాదనకపోయినా చిప్ కాదంటుంది, ఈ గొడవలో చిప్‌దే చివరి మాట అవుతోంది.

ప్రభుత్వ సంస్థలకు ఇది తెలియక కాదు. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మారినా పాత పెట్టే పనికి వచ్చేలా దేశంలోని సెట్‌టాప్ బాక్సులు ఉండాలని, టెలికాం, ప్రసార సేవలను నియంత్రించే ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫార్సు చేసింది. మా అటక మీద నాలుగు కంపెనీల పెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఆ సిఫార్సు గుర్తుకొస్తుంది. వస్తువులను బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. స్మార్ట్ టీవీలలో తన సేవలన్నిటినీ కట్టగట్టి అంటగడుతోందన్న కేసులో గూగుల్ 2025 ఏప్రిల్‌లో వ్యాపారంలో పోటీ సవ్యంగా సాగేలా చూసే పోటీ కమిషన్ (సీసీఐ) దగ్గర 20 కోట్ల 24 లక్షల రూపాయలు కట్టి రాజీకి వచ్చింది. అంటే, టీవీ తెర వెనుక సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఢిల్లీ దాకా వెళ్లింది. అయితే ఈ మూడింటిలో ఏ ఒక్కటీ దాచుకున్న కార్యక్రమం దగ్గరికి రాలేదు. పెట్టె మారినప్పుడు చానళ్లు రావాలన్నారే గాని, పాత పెట్టెలో ఉన్నవి కొత్త పెట్టెలోకి రావాలని ఎవరూ అనలేదు.

నేను కోరేది పెద్ద కోరిక కాదు. రికార్డింగ్ పెట్టె అమ్మే సంస్థ, అది ఎంత పెద్దదైనా, చందా ఆగిన తరువాత కొత్త కార్యక్రమాలు ఆపుకోవచ్చు, అది దాని హక్కు. చందా నడుస్తున్న రోజులలో చట్టబద్ధంగా దాచుకున్నవి మాత్రం ఆ ఇంటి టీవీలో ఎప్పటికీ ఆడాలి. సంస్థ ఆ సేవను మూసేసే పక్షంలో, మూసే ముందు చివరిగా పంపే సాఫ్ట్‌వేర్‌తో ఆ తాళం తీసి పోవాలి. ఊరు వదిలి వెళ్లేవాడు అద్దె ఇంటి తాళంచెవి యజమానికి ఇచ్చి పోవడం లాంటిదే ఇది. ట్రాయ్ గనుక తన పాత సిఫార్సుకు ఈ ఒక్క వాక్యం చేర్చితే చాలు. డిస్కు చెడితే మార్చుకునే వీలు కూడా ఉండాలి. ఆ పెట్టెలలో డిస్కు స్టాండ్‌బైలో కూడా తిరుగుతూ వేడెక్కుతూనే ఉంటుంది. మన ఇళ్లలో దాని మీద కుట్టుపూల గుడ్డ కప్పి, ఆ పైన దేవుడి పటం పెడతారు. మూడో వేసవికల్లా అది నా దగ్గరికి వస్తుంది. గుడ్డ తీసేయమని ఎన్నిసార్లు చెప్పినా దుమ్ము పడుతుందంటారు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున, పూజారి కూర్చునే పొడవైన మాను అయిన సిరిమాను ఆలయం నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే జనంలో నిలబడి చూసేవారితో సమానంగా ఇళ్లలో టీవీల ముందు కూర్చునేవారూ ఉంటారు. గల్ఫ్‌లో ఉన్న పిల్లల కోసం దానిని దాచే తల్లిదండ్రులు నా ఖాతాదారులలో చాలామంది. దసరాకు ముందు ఈ పెట్టెల బేరాలు ఎక్కువ. కొందామా వద్దా అని అడిగేవారికి నేను ఇప్పుడు ఒకే ప్రశ్న చెప్పి పంపుతున్నాను. రీఛార్జి అయిపోయాక పాత రికార్డింగ్ ఆడుతుందా అని షోరూములో అడిగి, జవాబును బిల్లు మీద రాయించుకోమంటున్నాను. ఇంతవరకూ రాయించుకొని వచ్చినవారు లేరు. మీ పత్రిక ఇకమీదట ఏ కంపెనీ కొత్త పెట్టె గురించి వార్త వేసినా, ధర పక్కన, డిస్కు ఎన్ని జీబీలన్నదాని పక్కన, ఆ జవాబును కూడా కంపెనీని అడిగి అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
మూడు లాంతర్లు, విజయనగరం.